ట్యాంకర్ నీళ్లలో సిప్రోఫ్లాక్ససిన్: బయోసెన్సర్‌తో తేల్చిన ఒక కేసు

హైదరాబాద్ చుట్టుపక్కల ఒక పారిశ్రామికవాడలోని ఉమ్మడి శుద్ధి కేంద్రం (చాలా ఫ్యాక్టరీల మురుగునీటిని ఒకేచోట శుద్ధి చేసే ప్లాంటు) నుంచి మా ల్యాబుకు ఫోన్ వచ్చింది. వాళ్లు అడిగింది యాంటీబయాటిక్స్ గురించి కాదు. "మేడమ్, ఏరేషన్ ట్యాంకులో మా కల్చర్ చచ్చిపోతోంది. కొత్తది తెచ్చి వేస్తే కొన్నాళ్లు బాగుంటుంది, మళ్లీ పోతోంది. పేడ కూడా వేసి చూశాం. కారణం దొరకట్లేదు" అన్నాడు ప్లాంట్ ఇన్‌ఛార్జి. కల్చర్ అంటే ఏరేషన్ ట్యాంకులో గాలి అందిస్తూ పెంచే బ్యాక్టీరియా; మురుగును తిని శుద్ధి చేసేది అదే. ఆ కేంద్రం పేరు రాయను. తలుపులు తీసి మమ్మల్ని లోపలికి రానిచ్చినవాళ్లు వాళ్లు. అసలు తప్పు వాళ్లది కూడా కాదు.

మేం వెళ్లేసరికి ఆపరేటర్ అన్న లీటరు సిలిండర్‌లో ట్యాంకు నీళ్లు పట్టి గట్టు మీద పెట్టి ఉంచాడు. ఈ పరీక్ష ప్రతి ప్లాంటులో రోజూ చేసేదే. అరగంట కదపకుండా ఉంచితే బురద కిందికి దిగాలి, పైన నీళ్లు తేటగా నిలవాలి. "ముందు ఎలా ఉండేదో తెలుసా మేడమ్, పైనుంచి చూస్తే అడుగున గీతలు కనపడేవి. ఇప్పుడు చూడండి, మజ్జిగలాగా" అన్నాడు. నిజమే. అరగంట దాటినా సిలిండర్‌లో ఏదీ విడిపోలేదు. కుచ్చులు కట్టాల్సిన బ్యాక్టీరియా పొడిపొడిగా నీళ్లలోనే తేలుతోంది.

గేటు రిజిస్టర్ తిరగేశాం. వచ్చిన ప్రతి ట్యాంకర్‌కూ పీహెచ్, టీడీఎస్ (కరిగి ఉన్న లవణాల మొత్తం), సీఓడీ రాసి ఉన్నాయి. ఏదీ హద్దు దాటలేదు. ఉమ్మడి కేంద్రాలకు మన దగ్గర ఉన్న గేటు కాపలా ఇంతే. సీఓడీ అంటే నీటిలోని సేంద్రియ పదార్థాన్నంతా ఆక్సీకరణం చేయడానికి ఎంత ఆక్సిజన్ కావాలో చెప్పే అంకె. అందులో చక్కెర ఉందా, సాల్వెంట్ ఉందా, మందు ఉందా అన్నది దానికి పట్టదు.

ఇది ఎంత ప్రమాదమో ఒక పాత లెక్కతో చెబుతాను. స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్‌కు చెందిన జోకిమ్ లార్సన్ బృందం పటాన్‌చెరు ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి శుద్ధి అయి బయటికి వెళ్తున్న నీటిని పరీక్షించి 2007లో ఫలితాలు ప్రచురించింది. దాదాపు 90 బల్క్ డ్రగ్ (మందుల ముడిసరుకు తయారుచేసే) కంపెనీల నీళ్లు చేరే చోటు అది. ఆ నీటిలో లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్ససిన్ అనే యాంటీబయాటిక్ దొరికింది. 500 మిల్లీగ్రాముల గోలీ వేసుకున్న మనిషి రక్తంలో చేరే మోతాదుకు ఇది దాదాపు పది రెట్లు. రోజుకు 45 కిలోల మందు బయటికి పోతోందని వాళ్లు లెక్కకట్టారు. మన మెడికల్ షాపు భాషలో చెప్పాలంటే 90,000 సిప్రో 500 గోలీలు. అవి రోజూ ఇసకవాగులోకి, అక్కడి నుంచి నక్కవాగు మీదుగా మంజీరలోకి చేరే దారి అది. ఇప్పుడు సీఓడీ సంగతి చూడండి. సిప్రోఫ్లాక్ససిన్ అణువు ఫార్ములా పెట్టుకుని లెక్క వేస్తే, 31 మిల్లీగ్రాముల మందు సీఓడీకి కలిపేది 50 మిల్లీగ్రాముల చిల్లర. నీళ్లు బయటికి వదిలే చోట అనుమతించే సీఓడీ 250. అంటే ఊరి వాగునంతటినీ యాంటీబయాటిక్ చేయగల మోతాదు ఆ 250లో అయిదో వంతులో ఒదిగిపోతుంది. గేటు దగ్గర సీఓడీ హద్దు ఇంకా చాలా ఎక్కువ. అక్కడైతే ఆ అంకె లెక్కలోకే రాదు.

మొదటి పరీక్ష, మొదటి పొరపాటు

వెళ్లిన రోజే నమూనాలు తెచ్చుకున్నాం. ముందుగా చేసింది వెలుగు పరీక్ష. ఆలీవిబ్రియో ఫిషెరి అనే సముద్రపు బ్యాక్టీరియా సహజంగానే మెరుస్తుంది. విషం తగిలితే మెరుపు తగ్గుతుంది. పదిహేను నిమిషాల్లో, అరగంటలో ఫలితం వస్తుంది కాబట్టి చాలా ల్యాబులు ముందు దీన్నే అందుకుంటాయి. మా నమూనాల్లో మెరుపు పెద్దగా తగ్గలేదు. "తీవ్రమైన విషప్రభావం కనిపించలేదు" అని నేనే రిపోర్టు రాసి పంపాను.

ఆ రిపోర్టు తప్పుదోవ పట్టించింది. సిప్రోఫ్లాక్ససిన్ జాతి మందులు, అంటే ఫ్లోరోక్వినొలోన్లు, బ్యాక్టీరియా శక్తి తయారీని వెంటనే దెబ్బతీయవు. అవి తగిలేది డీఎన్‌ఏ నకలు తీసుకునే చోట. కణం పెరిగి విడిపోయే ప్రయత్నం చేస్తేనే దెబ్బ బయటపడుతుంది. అరగంటలో ఆ అవకాశమే ఉండదు. ఇదే బ్యాక్టీరియాను 24 గంటలు పెంచి చూస్తే క్వినొలోన్లకు బాగా లొంగుతుందని 1990ల చివర్లోనే జర్మన్ పరిశోధకులు చూపించారు. ఆ సంగతి నాకు తెలుసు. తొందరలో గుర్తుకు రాలేదు. ఆ రిపోర్టు నమ్మి వాళ్లు ఇంకో రెండు వారాలు బ్లోయర్లనీ డోసింగ్ పంపులనీ అనుమానిస్తూ కూర్చున్నారు. అందుకే ఇప్పుడు మా ల్యాబులో ఒక పద్ధతి పెట్టుకున్నాం. మందుల ఫ్యాక్టరీల నీళ్లయితే, అరగంట పరీక్ష ఒక్కదాని మీద ఆధారపడి ఏ రిపోర్టూ బయటికి పోదు.

ఉము పరీక్ష

తర్వాత ఎత్తుకున్నది ఉము పరీక్ష. 1985లో జపాన్ పరిశోధకులు రూపొందించిన ఈ పద్ధతి తర్వాత ఐఎస్ఓ 13829 ప్రమాణమైంది. ఇందులో బయోసెన్సర్, అంటే విషాన్ని పసిగట్టే జీవి, ఒక సాల్మొనెల్లా బ్యాక్టీరియా. డీఎన్‌ఏ తెగినప్పుడు బ్యాక్టీరియా లోపల ఎస్ఓఎస్ అనే అత్యవసర మరమ్మతు మొదలవుతుంది. ఆ మరమ్మతులో పనిచేసే ఉము-సి అనే జన్యువుకు, బీటా గెలాక్టోసిడేజ్ ఎంజైమ్ తయారుచేసే జన్యువును అతికించి పెట్టారు. డీఎన్‌ఏ తెగితే ఈ ఎంజైమ్ కూడా తయారవుతుంది. దానికి ఓఎన్‌పీజీ అనే పదార్థం కలిపితే పసుపు రంగు తేలుతుంది. ఎంత పసుపో అంత దెబ్బ. సిప్రోఫ్లాక్ససిన్ పనే డీఎన్‌ఏ ముడులు విప్పే గైరేజ్ ఎంజైమ్‌ను మధ్యలో పట్టేసి డీఎన్‌ఏ తెగేలా చేయడం. కాబట్టి ఈ బ్యాక్టీరియా దానికి చాలా త్వరగా మేలుకుంటుంది.

ఈ ఆలోచన మాది కాదు. 1998లో స్విట్జర్లాండ్ పరిశోధకులు ఒక ఆసుపత్రి మురుగునీరు ఉము పరీక్షలో ఎందుకు పాజిటివ్ వస్తోందో వెతుక్కుంటూ పోయారు. చివరికి అది క్యాన్సర్ మందుల వల్ల కాదు, సిప్రోఫ్లాక్ససిన్ వల్ల అని తేల్చారు. అక్కడ దొరికినది లీటరుకు 3 నుంచి 87 మైక్రోగ్రాములు. మన ఫ్యాక్టరీల నీళ్లలో లెక్క మిల్లీగ్రాముల్లోకి ఎక్కుతుంది. మాకు తలనొప్పి తెచ్చిందీ ఆ తేడాయే.

మొదటి ప్లేటు నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టు గుర్తుంది. 96 గుంటల ప్లేటులో ఒక్కో వరుసకు ఒక్కో నమూనా. ఎడమ చివర అసలు నీళ్లు, పక్క గుంటలో సగానికి సగం పలచన, దాని పక్కన అందులో సగం, అలా కుడివైపుకు. బ్యాక్టీరియా కలిపి 37 డిగ్రీల దగ్గర రెండు గంటలు ఊపుతూ ఉంచాలి. తర్వాత కొత్త పోషకంలో పది రెట్లు పలచన చేసి మరో రెండు గంటలు. చివర్లో ఓఎన్‌పీజీ వేసి 28 డిగ్రీల దగ్గర అరగంట. సోడియం కార్బొనేట్ వేసి ఆపి, 420 నానోమీటర్ల దగ్గర రంగు కొలవాలి. మా ప్రాజెక్ట్ అమ్మాయి ప్లేటు బయటికి తీసి లైటు కింద పెట్టింది. గాఢమైన నీళ్లున్న ఎడమ గుంటలు తెల్లగా, ఖాళీగా ఉన్నాయి. "నెగెటివ్ మేడమ్" అంది. నోట్‌బుక్కులో రాయడానికి పెన్ను కూడా తీసింది.

"కుడివైపు చూడమ్మా" అన్నాను. మధ్య గుంటల దగ్గర లేత పసుపు మొదలైంది. ఇంకా కుడికి వెళ్తే చామంతి రంగు. ఆ తర్వాత మళ్లీ తగ్గుతూ చివరికి తెల్లబడింది. నీళ్లు పలచనైన కొద్దీ రంగు తగ్గాలి కదా. ఇక్కడ ముందు పెరిగి తర్వాత తగ్గింది.

రంగు కొలిచే ముందు, 600 నానోమీటర్ల దగ్గర మసక కొలిచి బ్యాక్టీరియా ఎంత పెరిగిందో చూసుకోవాలని ప్రమాణంలోనే ఉంది. మామూలు గుంటలతో పోలిస్తే పెరుగుదల సగానికి తగ్గిపోతే ఆ గుంట ఫలితం చెల్లదు. ఎడమ గుంటల్లో పెరుగుదల దాదాపు లేనే లేదు. అక్కడ డీఎన్‌ఏ తెగలేదని కాదు. సహాయం కోసం కేక వేసేలోపే బ్యాక్టీరియా చచ్చిపోయింది. ఎంజైమ్ తయారుచేయడానికి బతికున్న కణం ఉండాలి కదా. పలచన చేసిన కొద్దీ బతికి, దెబ్బ తిని, రంగు చూపింది. ఇంకా పలచన చేస్తే దెబ్బే తగల్లేదు.

ఈ పని చేసే ప్రతి ఒక్కరికీ గట్టిగా చెప్పాలనుకునేది ఇదే. బయోసెన్సర్ ఏమీ చూపించలేదంటే నీళ్లు శుభ్రంగా ఉన్నాయని కాదు. ఒకే పలచనలో, పెరుగుదల కొలవకుండా ఈ పరీక్ష చేసి ఉంటే, ఉన్నవాటిలో అత్యంత విషపూరితమైన నమూనాకు మేమే క్లీన్ సర్టిఫికెట్ రాసి ఇచ్చేవాళ్లం. చచ్చిన సెన్సరూ శుభ్రమైన నీళ్లూ ప్లేటు మీద ఒకేలా కనిపిస్తాయి.

ఇంకో రెండు ఇబ్బందులు త్వరగా చెప్పేస్తాను. ఫ్యాక్టరీ నీళ్లు సహజంగానే టీ డికాక్షన్ రంగులో ఉంటాయి. 420 దగ్గర అవి కూడా వెలుతురును ఆపుతాయి. అందుకే ప్రతి పలచనకూ బ్యాక్టీరియా లేని గుంట ఒకటి పక్కన పెట్టి, దాని రంగు తీసేయాలి. రెండోది, సిప్రోఫ్లాక్ససిన్ వెలుగుకు విరిగిపోతుంది, గాజుకు అంటుకుంటుంది. మొదటిసారి తెచ్చిన సీసాలు పారదర్శకమైనవి. మధ్యాహ్నపు ఎండలో జీపు వెనక సీటు మీద ప్రయాణం చేశాయి. తర్వాత ప్లాస్టిక్ సీసాలకు ఫాయిల్ చుట్టి, ఐస్ బాక్సులో తెస్తే అదే ట్యాంకు నీళ్లు ఇంకా ఎక్కువ పలచనలో కూడా పసుపు చూపించాయి.

ఏ ట్యాంకర్?

ప్లాంటు నీళ్లలో ఉందని తేలింది. ఎవరు తెస్తున్నారన్నది తేలాలి. ఉము పరీక్షకు దాదాపు అయిదు గంటలు పడుతుంది. ట్యాంకర్ డ్రైవర్ గేటు దగ్గర అయిదు గంటలు నిలబడడు. పైగా ఇది జన్యుమార్పిడి చేసిన సాల్మొనెల్లా. పర్యావరణ పరిరక్షణ చట్టం కింద 1989లో వచ్చిన నిబంధనల ప్రకారం దాన్ని ల్యాబు దాటించి గేటు దగ్గర పెట్టుకోవడం కుదరదు. వాడిన ప్లేట్లన్నీ ఆటోక్లేవ్ (అధిక పీడనపు ఆవిరితో క్రిములను చంపడం) అయ్యాకే బయటికి పోవాలి. "నీటి గొట్టంలోనే బ్యాక్టీరియా సెన్సర్ పెడతాం" అని ఎవరైనా చెబితే నేను ముందు అడిగే ప్రశ్న ఇదే.

అందుకని ఆపరేటర్లతో కూర్చుని ఒక ఏర్పాటు చేసుకున్నాం. ప్రతి ట్యాంకర్ నుంచి అరలీటరు తీసి, నంబరు వేసి ఫ్రిజ్‌లో ఉంచడం. రోజు చివర అన్ని సీసాల నుంచి సమానంగా కొంచెం కొంచెం తీసి ఒక ఉమ్మడి నమూనా చేయడం. ఉమ్మడిది పసుపు చూపిస్తేనే ఆ రోజు సీసాలు విడివిడిగా తెరవడం. ఇలా కలపడం వల్ల చిన్న మోతాదులు కరిగిపోయి తప్పించుకుంటాయి, నిజమే. కానీ ట్యాంకులోని కల్చర్‌ను చంపే మోతాదు అంత పలచనకు దాక్కోలేదు. ఈ చిన్న ఏర్పాటుకు ఎక్కువ సాయం చేసింది రాత్రి షిఫ్టు ఆపరేటర్లే. "రాత్రి వచ్చేవి కూడా తీయాలా మేడమ్?" అని ఒకాయన అడిగాడు. తీయమన్నాం.

పసుపు వచ్చిన రోజులు రాత్రి ట్యాంకర్లున్న రోజులే. విడివిడిగా తెరిస్తే ఒకే ఫ్యాక్టరీ నుంచి వచ్చిన లోడ్ల దగ్గర ఆగింది. ఆ సీసాల వరుసల్లో అన్నిటికన్నా ఎక్కువ ఎడమ గుంటల్లో బ్యాక్టీరియా చచ్చిపోయి, పసుపు చాలా కుడికి జరిగి ఉంది.

ఇక్కడితో ఆగిపోతే పొరపాటే. ఉము పరీక్ష చెప్పేది డీఎన్‌ఏ దెబ్బతింది అని మాత్రమే, సిప్రోఫ్లాక్ససిన్ అని కాదు. ఫార్మా నీళ్లలో డీఎన్‌ఏను దెబ్బతీసే రసాయనాలు వేరేవీ ఉంటాయి. చవకైన ఒక ఆనవాలు మెగ్నీషియం. అది ఫ్లోరోక్వినొలోన్లను పట్టుకుని కణంలోకి పోకుండా అడ్డుపడుతుంది. గుంటల్లో మెగ్నీషియం ఉప్పు పెంచితే మా పసుపు తగ్గింది. అనుమానం బలపడింది. ఇదే లక్షణం మరో హెచ్చరిక కూడా. టీడీఎస్ ఎక్కువున్న నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం ముందే ఉండి మందు బలాన్ని కప్పిపెడతాయి. మందు ఉన్నా సెన్సర్‌కు తక్కువగా కనపడుతుంది.

చివరి మాట ఎల్‌సీ-ఎమ్‌ఎస్‌దే. నీటిలోని రసాయనాలను విడదీసి, అణువుల బరువును బట్టి ఏది ఎంతుందో చెప్పే యంత్రం అది. అనుమానం ఉన్న కొన్ని సీసాలను మాత్రమే పంపాం. అన్నీ పంపాలంటే ఆ ఖర్చు ఏ ఉమ్మడి కేంద్రమూ భరించలేదు. సిప్రోఫ్లాక్ససిన్ అనే తేలింది, లీటరుకు మిల్లీగ్రాముల లెక్కలో. ఇన్‌ఛార్జి ఆ కాగితం తీసుకుని ఫ్యాక్టరీకి వెళ్లాడు. మందు స్ఫటికాలు తీసేశాక మిగిలే గాఢమైన, విడిగా ఆవిరి చేయాల్సిన మదర్ లిక్కర్‌ను రియాక్టర్ కడిగిన నీళ్లలో కలిపి పంపిస్తున్నారని అక్కడ తేలింది. అది ఆగింది. నెల తిరగకముందే సిలిండర్‌లో బురద దిగడం మొదలైందని ఆపరేటర్ అన్న ఫోటో పంపాడు. అడుగున గీతలు కనపడుతున్నాయి.

ఈ బ్యాక్టీరియాకు కనపడనివి

కేసు గెలిచినట్టు అనిపించినప్పుడు కూడా ఈ పరీక్షకు అందని వాటి సంగతి దాచకూడదు. పటాన్‌చెరు నీటిలో 2007 అధ్యయనానికి సిప్రోతో పాటు లోసార్టన్, సెటిరిజిన్, మెటోప్రొలోల్ లాంటివి కూడా దొరికాయి. బీపీ మందు, అలర్జీ మందు. వాటికి మా సాల్మొనెల్లా కదలదు. హైదరాబాద్ పరిసరాల మీద 2017లో వచ్చిన ఒక జర్మన్ అధ్యయనంలో ఫ్లూకొనజోల్ ఒకచోట లీటరుకు 2,36,950 మైక్రోగ్రాములు ఉంది, అంటే దాదాపు 237 మిల్లీగ్రాములు. అది ఫంగస్‌ను చంపే మందు. బ్యాక్టీరియా సెన్సర్ ముందు అంత మోతాదు పెట్టినా అది సిప్రోకు కేక వేసినట్టు వేయదు. దానికి ఈస్ట్ లాంటి వేరే జీవి కావాలి. మా సెన్సర్ బ్యాక్టీరియాలో పెట్టిన అదనపు డీఎన్‌ఏ ముక్క, అంటే ప్లాస్మిడ్‌లో యాంపిసిలిన్‌ను తట్టుకునే జన్యువు కూడా ఉంది కాబట్టి పెన్సిలిన్ జాతి మందులనూ నమ్మకంగా చూపించలేదు. ఏ సెన్సర్ ఏ మందుకు పనికొస్తుందో రిపోర్టు మొదటి పేజీలోనే రాయాలని నేను పట్టుబడుతున్నది అందుకే.

చట్టం సంగతికి వస్తే మనసు భారంగా ఉంటుంది. 2020 జనవరిలో కేంద్ర పర్యావరణ శాఖ బల్క్ డ్రగ్ పరిశ్రమ నీళ్లలో యాంటీబయాటిక్ అవశేషాలకు హద్దులు పెడుతూ ముసాయిదా తెచ్చింది. 2021 ఆగస్టులో తుది నోటిఫికేషన్ వచ్చేసరికి ఆ హద్దులు అందులో లేవు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024 సెప్టెంబరులో యాంటీబయాటిక్ తయారీ వ్యర్థాలపై మార్గదర్శకాలు ఇచ్చింది. అవి చట్టం కావు. మేం పట్టుకున్న ఫ్యాక్టరీ దారికొచ్చింది ఉమ్మడి కేంద్రం తన కల్చర్‌ను కాపాడుకోవాలి కాబట్టి, లోడ్లు తీసుకోం అని చెప్పగలిగింది కాబట్టి. నీళ్లు నేరుగా వాగులో కలిసే చోట అలా చెప్పేవాళ్లు ఎవరున్నారు?

బోరు నీళ్లు

ఈ పని ఊళ్లో తెలిసింది. వాగు పక్క ఊరి నుంచి ఒకావిడ బిందెలో బోరు నీళ్లు తెచ్చి, "అమ్మా, మా పిల్లలు ఇవే తాగుతున్నరు. ఇందులో ఆ మందు ఉందో లేదో చూసి చెప్పవా" అంది. ఆ అడగడంలో న్యాయం ఉంది. పటాన్‌చెరు చుట్టుపక్కల ఊళ్ల బావుల్లోకి కూడా మందులు చేరాయని లార్సన్ బృందమే 2009లో చూపించింది. అదే అధ్యయనంలో అక్కడి ఒక చెరువులో సిప్రోఫ్లాక్ససిన్ లీటరుకు 6.5 మిల్లీగ్రాముల దాకా ఉంది.

ఆ నీళ్లు ప్లేటులో పెట్టాం. బ్యాక్టీరియా హాయిగా పెరిగింది, ఏ గుంటా పసుపెక్కలేదు. ఇది ఎడమ గుంటల తెలుపు లాంటిది కాదు, సెన్సర్ బతికే ఉంది. అయినా ఆవిడకు "ఏం లేదు" అని చెప్పలేకపోయాను. ఈ పరీక్ష పట్టగలిగేది లీటరుకు కొన్ని మైక్రోగ్రాముల నుంచి. బ్యాక్టీరియాలో మందును తట్టుకునే శక్తి పెరగకుండా ఉండాలంటే సిప్రోఫ్లాక్ససిన్ లీటరుకు 0.064 మైక్రోగ్రాములు దాటకూడదని 2016లో స్వీడన్ పరిశోధకులు లెక్క ఇచ్చారు. ఆ రెండు అంకెల మధ్య ఎంతున్నా మా ప్లేటు తెల్లగానే ఉంటుంది.

ఇప్పుడు చేస్తున్నది ఆ మధ్యలోకి వెళ్లే పని. లీటరు నీటిని సాలిడ్ ఫేజ్ కార్ట్రిడ్జ్ (మందును పట్టుకునే పొడి నింపిన చిన్న గొట్టం) గుండా చుక్కచుక్కగా పంపి, పట్టుకున్న దాన్ని మిథనాల్‌తో దింపి, ఆ మిథనాల్‌ను పూర్తిగా ఆరబెట్టి, ఒక మిల్లీలీటరు బఫర్‌లో కలిపి అప్పుడు ప్లేటులో పెడుతున్నాం. మిథనాల్ కొంచెం మిగిలినా బ్యాక్టీరియా దానికే చస్తుంది, మళ్లీ ఎడమ గుంటల కథే. పక్కన మామూలు నీళ్లను కూడా ఇదే దారిలో పంపి సరిచూసుకుంటున్నాం. ఆవిడకు ఇచ్చిన కాగితం మీద "ఈ పరీక్ష పట్టగలిగిన మేరకు కనిపించలేదు. గాఢపరిచి మళ్లీ చూడాలి. అప్పటిదాకా తాగడానికి ట్యాప్ నీళ్లు వాడండి" అని తెలుగులో రాసి, చదివి వినిపించాను. వచ్చే వారం ఆవిడ ఊళ్లోని మిగతా బోర్ల నుంచి కూడా ఫాయిల్ చుట్టిన క్యాన్లలో నీళ్లు తేవాలి. బోర్లు ఎక్కడెక్కడ ఉన్నాయో ఆవిడే దగ్గరుండి చూపిస్తానంది.